ఓటర్ల జాబితాలో ఇతి

దాలమ్మకు రెండు పేర్లు. ఒకటి అమ్మానాన్నలు పెట్టింది, రెండోది పాకిస్తాన్ యుద్ధం పెట్టింది.

డెబ్భై ఒకటి డిసెంబరులో ఆవిడ పలాస దగ్గరి పల్లె నుంచి కొత్త కోడలిగా కలకత్తా పక్కనున్న లిలువా రైల్వే క్వార్టర్లకు వచ్చింది. మొగుడు పోలిరాజు ఆవిడకు చెప్పిన మొదటి పని, శత్రువిమానాలకు వెలుతురు కనబడకుండా కిటికీ అద్దాలకు నల్లకాగితం అంటించడం. కాపురానికి రాగానే దీపం ఆర్పించావని ఇప్పటికీ దెప్పుతుంది. ఆ వారంలోనే రేషను కార్డుకు పేర్లు రాసుకునే గుమాస్తా వచ్చాడు, వెనకే సైరన్ మోగింది. ఆ మోతలో ఆయన బెంగాలీలో పేరడిగితే, ఆ భాష ఒక్క ముక్క రాని దాలమ్మ "ఏటి?" అంది. శ్రీకాకుళం మనిషి మరేమంటుంది? ఆయన చెవికి అది "ఇతి" అని వినబడింది. బెంగాలీ ఆడపిల్లల్లో ఆ పేరు మామూలే. గబగబా రాసేసుకుని మెట్ల కింద దూరాడు.

రేపు మార్పిద్దాంలే అన్నాడు పోలిరాజు. ఆ రేపు ఇంతవరకూ రాలేదు. రేషను కార్డులోని ఇతి నిక్షేపంగా ఓటర్ల జాబితాలోకీ ఎక్కింది.

దాలమ్మ మొదటి ఓటు డెబ్భై ఏడులో, ఎమర్జెన్సీ చివర వచ్చిన ఎన్నికల్లో. అంతకు మూడేళ్ల ముందు రైల్వే సమ్మె జరిగినప్పుడు పక్కింటి మంగాదేవి మొగుణ్ని పోలీసులు పట్టుకెళ్లారు, సామాను వీధిలో పడేశారు. పోలిరాజు మాత్రం ఒక్క పూట మానకుండా వర్క్‌షాపుకు వెళ్లాడు. ఎన్నికల నాడు పోలింగ్ బూతు దాకా వెంటవచ్చి, పదిమందీ వినేలా, "ఆవూదూడ గుర్తు మీదే గుద్దాల" అన్నాడు. అది అప్పటి సర్కారు పార్టీ గుర్తు. దాలమ్మ బుద్ధిగా తలూపి, లోపలికెళ్లి ఇంకో గుర్తు మీద గుద్దింది.

బయటికొచ్చాక మొగుడికి తెలిస్తే ఏమౌతుందోనని భయం పట్టుకుంది. కాసేపటికి మంచి ఉపాయం తట్టింది. ఆ పని చేసింది దాలమ్మ కాదుగదా, ఇతి! అప్పటినుంచి ఒక్క ఎన్నికా మానలేదు. ఇంట్లో దాలమ్మ మొగుడు చెప్పిన కూర వండేది, బూతులో ఇతి తన ఇష్టమొచ్చినట్టు చేసేది. బెంగాల్లో ముప్ఫై నాలుగేళ్ల ప్రభుత్వం మారినప్పుడూ అంతే.

ఈ ఏడు జాబితా సరిచూస్తున్నామని నోటీసు వచ్చింది. ఆధార్‌లో దాలమ్మ, జాబితాలో ఇతి. ఇద్దరూ ఒకరేనని రుజువు కాకపోతే పేరు తీసేస్తారు. న్యూ టౌన్‌లో ఉద్యోగం చేసే మనవరాలు జ్యోతిరాణి, "పోతే పోనీ అమ్మమ్మా, ఈ ఎన్నికలయ్యాక దాలమ్మ పేరుతో కొత్తగా రాయిద్దాం" అంది.

"ఈపాలి ఓటు పోతాది గదే!" అంటూ దాలమ్మ ఏడ్చినంత పని చేసింది.

విచారణ దగ్గర్లోని బడిలో పెట్టారు. అధికారి మర్యాదస్తుడే. ఈమెను మొదటినుంచీ ఎరిగినవాళ్లు ఎవరైనా సాక్ష్యం చెప్పి సంతకం పెడితే చాలన్నాడు. అప్పటివాళ్లలో మిగిలింది పోలిరాజు ఒక్కడే. ఆయన కర్ర గోడకు ఆనించి, కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"ఇద్దరూ ఒకటే దాదా," అన్నాడు బెంగాలీలో. "ఇంట్లో దాలమ్మ, నా మాట వింటుంది. ఓటు దగ్గర ఇతి, ఏనాడూ విన్లేదు."

అధికారి పకపకా నవ్వాడు. దాలమ్మ మాత్రం మొగుడి వైపు గిరుక్కున తిరిగింది.

"నీకెలగ తెలుసు?" అంది తెలుగులో.

"ఓటేసొచ్చిన పెతీపాలీ వారం రోజులు నాకు రెండేసి కూరలొండినావు. ఆమాత్రం తెలీదేటి?" పోలిరాజు కాగితం మీద మెల్లగా సంతకం గీశాడు. "అయినా ఆవూదూడకి నానూ గుద్దనేదే. ఆరోజు మా ఫోర్‌మేన్ ఎనకాలే ఉన్నాడు, ఆడు ఇనాలనే గట్టిగా అన్నాను. మంగాదేవి మొగుడు నా పక్కన పనిచేసినోడు. సమ్మెకెల్లడానికి నాకు దైర్యం సాల్నేదు. బూతులో అయితే ఎవుడూ సూడ్డుగదా."

అధికారి ఇతి పేరు పక్కన టిక్కు పెట్టి, పిన్నిగారిని పిలిచినట్టు, మీ ఓటు ఎక్కడికీ పోదు మాసిమా అన్నాడు. దాలమ్మకు ఆ మాట చెవికెక్కనే లేదు.

"నలభై తొమ్మిదేళ్లు దొంగనాగ బతికినాను! ఒక్క ముక్క సెప్తే నీ నోటి ముత్యాలు రాలిపోతాయా?"

"నువ్వు సెప్పినావా?" అన్నాడు పోలిరాజు.