మెరుపుల ఆటకి వచ్చిన పెళ్లివారు

మా సైన్సు మ్యూజియానికి ఆదివారం వచ్చే జనంలో సైన్సు కోసం వచ్చేవాళ్లని వేళ్లమీద లెక్కపెట్టొచ్చు. మిగతావాళ్లు ఏసీ కోసం వస్తారు. డైనోసారు బొమ్మ కింద దుప్పటి పరిచి పులిహోర పొట్లాలు విప్పుతారు. వంకర అద్దాల గదిలో ముసలమ్మలు కునుకు తీస్తారు. టికెట్ల కిటికీ దగ్గర కూర్చునే నేను, "లోపల తినకూడదండీ" అని అరిచి అరిచి గొంతు పోగొట్టుకున్నాను. "తింతన్నామేటమ్మా, పిల్లలకి పెడతన్నాం" అంటారు. వీళ్లతో ఎవరు వేగుతారు?

ఈ జనానికి సైన్సు చెప్పి తీరాలని పట్టుబట్టిన పిల్ల దుర్గాభవాని. ఆమదాలవలస పక్క పల్లె, వరి పండించే ఇల్లు. ఫిజిక్సులో ఎమ్మెస్సీ చేసి మా దగ్గర కాంట్రాక్టు మీద చేరింది. రోజూ రైల్లో విజయనగరం వస్తుంది, రైల్లోనే పోతుంది. ఇక్కడ ఆ పిల్ల ఏం చేస్తుందో ఇంట్లో ఎవరికీ పట్టదు. తల్లి భాగ్యవతి ఊళ్లో "మా పాప బొమ్మలు తుడుస్తాది" అని చెప్పుకుంటుందట. ఒకసారి వచ్చి చూడవే అమ్మా అంటే ఊడ్పులని ఒకసారి, కోతలని ఒకసారి, ఎప్పుడూ ఏదో వంక.

దుర్గాభవాని సొంతంగా తయారు చేసుకున్నది మెరుపుల ఆట. ఒక పెద్ద స్టీలు గోళం, దాని కింద గిరగిరా తిరిగే బెల్టు. ప్లాస్టిక్ స్టూలు ఎక్కి గోళం మీద చెయ్యి పెడితే జుట్టంతా నిక్కబొడుచుకుంటుంది. ఆట చూపించే హాల్లో మాత్రం ఏసీ లేదు, మా ఉక్కపోతలో ఆ మిషను ఓ పట్టాన పలకదు. గాలిలో తడి ఉంటే దాంట్లో కరెంటు నిలవదట. అందుకని ఆట ముందు ఆ పిల్ల హెయిర్ డ్రయ్యరు పట్టుకుని గోళాన్ని ఆరబెడుతూ కూర్చుంటుంది, చంటిపిల్లకి తల ఆరబెట్టినట్టు.

ఆ ఆదివారం మ్యూజియంలో కుటుంబాల పండగ పెట్టారు. ఆ నెలతో దుర్గాభవాని కాంట్రాక్టు అయిపోతోంది. పెద్దాఫీసరు వచ్చి ఆట చూస్తాడు. నచ్చితే మరో ఏడాది, లేకపోతే ఇంటికే. పాపం, వారం నుంచీ ఆ పిల్లకి తిండి సహించడం లేదు.

పొద్దున్నే ఒక వ్యాను వచ్చి ఆగింది. సాలూరు నుంచి లారీల యజమాని నరసింగరావు దిగాడు, భార్య లక్ష్మణమ్మ దిగింది, కొడుకు పృథ్వీరాజ్ దిగాడు, వెనకాల చుట్టాల మంద దిగింది. పట్టుచీరలు, మల్లెపూలు, చేతిలో స్వీట్ల పెట్టె. కిటికీ దగ్గరకి వచ్చీ రాగానే లక్ష్మణమ్మ గొంతు తగ్గించి అడిగింది.

"ఏటమ్మా, దుర్గాభవాని అనే పిల్ల లోపలున్నాదా? మేం వొచ్చినట్టు సెప్పకు."

నాకు అర్థమైపోయింది. మా వైపు ఇది అలవాటే. అమ్మాయికి తెలియకుండా పెళ్లివారు ముందోసారి చూసిపోతారు. గుడిలోనో, ఎవరి పెళ్లిలోనో చూస్తారు. నచ్చకపోతే గప్‌చుప్‌గా వెళ్లిపోతారు, ఎవరికీ నామోషీ ఉండదు. బాగానే ఉంది గానీ, ఆ పిల్ల ఉద్యోగం తేలే రోజే దొరికిందా వీళ్లకి? వెళ్లి చెబుదామంటే టికెట్ల వరస నన్ను కదలనివ్వలేదు. అంతలో చెంగు తలమీద కప్పుకుని ఇంకొకావిడ వచ్చింది. "నాను దుర్గ తల్లినమ్మా. దానికి సెప్పకు" అంది. కూతురి ఆట చూడ్డానికి ఎన్నడూ తీరిక దొరకని భాగ్యవతికి పెళ్లివారి వెనకాల రావడానికి మాత్రం దొరికింది!

వరస తగ్గగానే వెళ్లి హాలు గుమ్మంలో నిలబడ్డాను. ముందు వరసలో సాలూరువాళ్లు, పక్కనే పెద్దాఫీసరు, స్తంభం చాటున భాగ్యవతి.

"ఎవరికైనా సందేహాలున్నాయా?" అని అడిగింది దుర్గాభవాని.

"రోజల్లా ఇలగ నిలబడే సెప్పాలా తల్లీ?" అంది లక్ష్మణమ్మ. "ఇంటికెల్లి వంట సేసే ఓపికుంటాదా?"

హాలంతా నవ్వింది. "కాస్త అటు నడు తల్లీ, మిషనడ్డమొచ్చి నువ్వు కనిపిత్లేదు" అంది ఆవిడ ఆడపడుచు. ఆఫీసరు మొహం చిట్లించాడు. నాకు తల బాదుకోవాలనిపించింది.

దుర్గాభవాని ఒకరిని రమ్మంటే నరసింగరావు కొడుకుని ముందుకి తోశాడు. "ఈయన స్టూలు దిగేదాకా ఎవరూ ముట్టుకోకూడదు" అని ఆ పిల్ల గట్టిగానే చెప్పింది. మిషను తిరిగింది. పృథ్వీరాజ్ జుట్టు లేచి నిలబడింది. జనం ఈలలు, చప్పట్లు. అంతమంది కళ్లు కొడుకు మీద పడేసరికి లక్ష్మణమ్మ ఆగలేకపోయింది. "దిష్టి తగులుతాది నా బాబుకి!" అంటూ ఒక్క ఉరుకున వెళ్లి, మెటికలు విరుద్దామని వాడి బుగ్గలు నిమరబోయింది. ఠప్పుమని నిప్పురవ్వ లేచింది. తల్లీ కొడుకూ ఒకేసారి కెవ్వుమన్నారు.

"మా కుర్రోడికి షాకు కొట్టించీసింది!" అని నరసింగరావు లేచాడు.

స్తంభం చాటునుంచి భాగ్యవతి పరుగెత్తుకొచ్చింది. "ఒసే దుర్గా, ఆవిడ కాళ్లట్టుకోయే! నిన్ను సూసుకోడానికొచ్చిన పెళ్లోరే ఆళ్లు!"

దుర్గాభవాని తల్లిని చూసింది, ఆఫీసరుని చూసింది. మిషను ఆపి, జనం వైపు తిరిగింది.

"చూశారు కదా, ఇప్పుడు దూకినది చిన్న మెరుపు. బాబు స్టూలు మీదున్నాడు, అమ్మగారు నేలమీదున్నారు. ఆయనలో నిండిన కరెంటు ఆవిడలోంచి భూమిలోకి పోయింది. పిడుగూ అంతే, ఎత్తైన చెట్టు మీదుగా భూమిలోకి దిగుతుంది. అందుకే ఉరిమేటప్పుడు పొలంలో చెట్టు కిందకి పోకూడదంటాం."

"మరెక్కడికెల్లాల?" అన్నాడు వెనకనుంచి ఒక రైతు.

దుర్గాభవాని చెప్పసాగింది. పిడుగుకి మనుషుల్ని పోగొట్టుకున్న ఊళ్లు మావి. నములుతున్న నోళ్లు ఆగిపోయాయి. నరసింగరావు కూడా కూర్చుండిపోయాడు. అంత నిశ్శబ్దం ఆ హాల్లో నేనెప్పుడూ వినలేదు.

ఆట అయ్యాక ఆఫీసరు దగ్గరకొచ్చాడు. "బాగా చెప్పావమ్మా. కానీ పెళ్లి కుదిరేలా ఉంది కదా. రేపు సాలూరు వెళ్లిపోయే పిల్లకి కాంట్రాక్టు ఇచ్చి ఏం లాభం?"

నాకు ఒళ్లు మండిపోయింది.

"అవును బాబూ, మా ఇంటికొచ్చీసేక ఈ పనేటికి?" అంది లక్ష్మణమ్మ, వేలు నిమురుకుంటూనే. "పిల్ల మాకు నచ్చినాది."

దుర్గాభవాని నోరు తెరిచేలోపే భాగ్యవతి అడ్డంగా వచ్చి నిలబడింది.

"పెళ్లేటి బాబూ? ఈళ్లెవులో నాకు తెలీదు."

"ఇందాక పెళ్లోరన్నావు గదమ్మా!" నరసింగరావు స్వీట్ల పెట్టె పట్టుకుని నోరెళ్లబెట్టాడు.

"గాబరాలో ఏదో వాగీసాను. నా కూతురికి పెళ్లీ లేదు గిల్లీ లేదు. మీరు సంతకం ఎట్టండి బాబూ."

సాలూరువాళ్లు తిట్టుకుంటూ వ్యానెక్కారు. ఆఫీసరు సంతకం పెట్టాడు, మరో ఏడాదికి.

హాలు ఖాళీ అయ్యాక దుర్గాభవాని తల్లి మీద విరుచుకుపడింది. "నాకు సెప్పకుండా ఆళ్లనెందుకు రప్పించావు? రప్పించినదానివి మళ్లీ నువ్వే ఎందుకు పొమ్మన్నావు? ఏటి నీ గోల?"

భాగ్యవతి స్టూలు మీద కూలబడి చెంగుతో కళ్లు ఒత్తుకుంది.

"మరేటి సెయ్యమంతావే? నువ్వు సెప్తంటే అంతమంది నోరు మూసుకుని విన్నారు. మనింట్లో నీ మాట ఎవులిన్నారే ఇన్నాళ్లూ?"