పరంజా మీద టీ

రాజోలు లైబ్రరీలో ఎందరో గొప్పవాళ్ల జీవితాలు చదివాను. పరంజా మీద కూర్చుని టీ తాగిన మనిషి గురించి మాత్రం ఎవరూ రాయలేదు. అందుకే నేను రాస్తున్నాను.

ఆయన మా బాబాయి మేడ కట్టిన తాపీమేస్త్రీ. కూలీలను ఎక్కించే ముందు ప్రతి పరంజా మీదా తానే కూర్చుని తీరిగ్గా టీ తాగేవారు. గ్లాసులో టీ తొణికిందా, ఇక పని మొదలయ్యేది కాదు.

బాబాయి మేడ దగ్గర తొణికింది. పాత సరుగుడు కర్రలు మార్చాలన్నారు మేస్త్రీగారు. బాబాయి ఒప్పుకోలేదు.

"పడితే పూచీ వాళ్లదేనని కూలీల చేత కాగితం రాయించేద్దామయ్యా!"

అలాంటి కాగితం చెల్లదని, దెబ్బ తగిలితే పని చేయించినవాళ్లే బాధ్యులని లైబ్రరీలో చదివింది చెప్పాను. బాబాయి వింటేగా!

"ఆయ్, రాయించేద్దామండీ," అన్నారు మేస్త్రీగారు పైనుంచి. "ముందు మీరోసారి పైకొచ్చి టీ తాగండి."

బాబాయి పంచె ఎగ్గట్టి ఎక్కారు. గ్లాసు అందుకోగానే కర్ర కిర్రుమంది.

"కదులుతోందయ్యా బాబూ!"

మేస్త్రీగారు ఆయన నడుము గట్టిగా పట్టుకునే అడిగారు. "పడితే పూచీ ఎవరిదండీ?"

"పైకెక్కించినోడిదేనయ్యా!"

"ఆయ్. కాగితంలో ఆ ముక్కే రాయించేద్దామాండీ?"

మర్నాడు కొత్త కర్రలొచ్చాయి. మేడ పూర్తయ్యేదాకా ఎవరికీ చిన్న దెబ్బయినా తగల్లేదు.

చట్టం పుస్తకం వెతికిచ్చిన లైబ్రేరియన్ సత్యవతిగారికి, టీ కాచిన సూరమ్మగారికి, నిచ్చెన పట్టుకున్న అప్పన్నకు కృతజ్ఞతలు. బాబాయికి కూడా. తన పేరు మాత్రం రాయొద్దన్నారు.