కుడిపక్క రాలని పూవు

ఇరవై మూడేళ్ల వయసులో మనిషికి తెలియని విషయమంటూ ఉండదు. ఆ రోజుల్లో నాకైతే నాకు సరిపడా ఉంచుకుని ఊరికి పంచేంత తెలివి ఉండేది. హోసూరులో ఒక ప్రైవేటు ఆస్పత్రి ఐసీయూలో పరిశోధన కోఆర్డినేటరుగా చేరి రెండు వారాలైంది. మెడలో ఐడీ కార్డు, చేతిలో పదహారు పేజీల సమ్మతి పత్రం. (చెయ్యి లాగేది, దాన్నే నేను బాధ్యత అనుకునేవాణ్ణి.) వెంటిలేటరు మీదున్న రోగికి ఆక్సిజన్ మామూలుగా ఇచ్చేంత ఇవ్వడం మేలా, కాస్త తగ్గించడం మేలా అన్నది మా పరిశోధన. ఎవరికి ఏదన్నది కంప్యూటరు చీటీ తీసినట్టు తేలుస్తుంది. రోగి చేరిన ఒక్క రోజులోపల ఇంటివాళ్ల సంతకం పడాలి. మా ఆస్పత్రి నుంచి అప్పటికి ఒక్కరూ చేరలేదు. "ఈ వారం ఒక్కరైనా లేకపోతే మనల్ని పరిశోధనలోంచి తీసేస్తారు" అన్నారు పెద్ద డాక్టరుగారు. అంటే నన్ను తీసేస్తారని నాకు అర్థమైంది.

అప్పుడే పక్కనున్న బేరిగై నుంచి ఒక రైతు న్యుమోనియాతో వచ్చి వెంటిలేటరు మీదికి చేరాడు. బయట బెంచీ మీద ఆయన భార్య కూర్చుని ఉంది, కాళ్లకు టమోటా తోట మట్టి ఇంకా అట్లాగే ఉంది. పక్కన కూర్చుని పదహారు పేజీలూ చదివి వినిపించాను. అవ్వ ఓపిగ్గా విని, "అట్లయితే ఏది మంచిదని మీ డాక్టరుకే తెలీదా?" అంది. "తెలీదు గనకనే కనుక్కుంటాండామవ్వా" అన్నాను. "కంప్యూటరుకి తెలుసునా?" "దానికీ తెలీదు. ఊరికే తీస్తాది." "తీసినాక మనకి నచ్చలేదంటే మళ్లీ తీస్తారా?" "ఛ, అట్లా చేస్తే పరిశోధనే చెడిపోతాది" అన్నాను గర్వంగా. అవ్వ ముఖం వెలిగింది. "ఇది మేమూ చేస్తామప్పా. అమ్మవారికి రెండుపక్కలా తడిపూలు అంటించి అడుగుతాం. కుడిపక్కది ముందు రాలితే సరే, ఎడమదైతే వద్దు. అడిగి సంతకం పెడతా" అని, ఊళ్లో ఉన్న కొడుకుకు ఫోన్ చేసి గుడికి పొమ్మంది.

మూఢనమ్మకాల మీద నేనొక చిన్న ఉపన్యాసం ఇచ్చాను. ఆ తర్వాత గడియారం చూసి, గడువు ఇంకా మూడు గంటలే ఉందని తెలిసి, మెట్ల దగ్గరికి పోయి 'తల్లీ, కుడిపక్క' అని రెండు చేతులూ జోడించి మొక్కుకున్నాను. (ఈ వివరం పరిశోధన ఫైల్లో లేదు.) తిరిగొచ్చేసరికి అవ్వ ఫోన్ మోగింది. ఎడమది రాలిందట. "అవ్వా, ఇంకొక్కసారి అడగమను" అన్నాను. ఆమె నన్ను జాలిగా చూసి, "అట్లా చేస్తే చెడిపోతాదని నువ్వే కదప్పా చెప్తివి?" అంది.

నాకు ఒళ్లు మండింది. "మీ ఆయన బాగు కావాలని లేదా నీకు?" అనేశాను. ఆయన బాగుకూ ఈ సంతకానికీ సంబంధం లేదని పత్రంలోనే రాసి ఉంది; నేనే చదివాను. తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. అవ్వకు మాత్రం కోపం రాలేదు.

"నన్ను లోపలికి పోనీరు. నువ్వు పొద్దున్నుంచి ఈడనే తిరుగుతాండావు. ఆయప్ప ముఖం ఒక్కసారన్నా చూస్తివా?"

చూడలేదు. వయసు తెలుసు, బరువు తెలుసు, ఆక్సిజన్ ఎంతో తెలుసు. లేచి లోపలికి పోయాను. నోట్లో గొట్టం, దాన్ని పట్టి ఉంచిన పట్టీ, ఆ పట్టీకి లొంగకుండా రెండు పక్కలా పైకి లేచిన మీసం. బయటికొచ్చి, "మీసం అట్నే నిలబడుండాదవ్వా" అన్నాను. అవ్వ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది, నవ్వుతూనే ఏడ్చింది.

ఆయన రెండు వారాలకు నడిచి ఇంటికి పోయాడు. ఆ వారం ఒక్కరూ చేరకపోయినా మా ఆస్పత్రినీ, నన్నూ ఎవరూ తీసెయ్యలేదు. ఇప్పుడు కొత్తగా చేరినవాళ్లకు సమ్మతి ఎలా అడగాలో నేనే నేర్పుతున్నాను. ఆ ఇరవై మూడేళ్ల మేధావి ఎదురైతే మాత్రం పాఠమేమీ చెప్పను. చేతిలో కాగితాలు లాక్కుని, "ముందు లోపలికి పోయి చూసి రా పో నాయనా, అవ్వ అడిగితే ఏం చెప్తావు?" అంటాను.