తోడెవరండి?

దెయ్యాల కథలు చెప్పేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండేది. మా రాజమండ్రిలో ఏ పెళ్ళికి వెళ్ళినా భోజనాలయ్యాక ఎవరో ఒకాయన కిళ్ళీ నములుతూ మొదలుపెట్టేవాడు, రేవులో తెల్లగా ఏదో కనబడిందని. నేను లేచి చెయ్యి కడుక్కునే వంకతో వెళ్ళిపోయేవాణ్ణి. ప్రోగ్రాములు రాసుకుని బతికేవాణ్ణి. ఏదైనా జరిగిందంటే దానికి కారణం కోడులో ఎక్కడో ఒక లైనులో ఉంటుంది, ఓపిగ్గా వెతికితే దొరుకుతుంది. నాకు తెలిసిన శాస్త్రం అంతే.

కాబట్టి ఇది చెప్పడానికి నాకే మొహమాటంగా ఉంది. నమ్మమని ఎవరినీ బతిమాలను.

సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే పల్లెల్లోకి వస్తున్న రోజులు. పాలకొల్లు దాటాక కాలువ గట్టున ఒక పాత ఆసుపత్రి ఉంది. పేరు చెప్పను. అక్కడ రోగుల వివరాలన్నీ ఒక ఉచిత సాఫ్ట్‌వేర్‌లో పెట్టేవారు. దాని కోడు అందరికీ తెరిచే ఉంటుంది, ఎవరైనా చూసుకోవచ్చు, కావలసినట్టు మార్చుకోవచ్చు. ఎవరో మంచి డాక్టరు గారు పూనుకుని పెట్టించి వెళ్ళారట. ఆ తర్వాత దాన్ని పట్టించుకున్న నాథుడు లేడు. నల్లటి తెర, పచ్చటి అక్షరాలు. వివరాలన్నీ దాచిన పాత డిస్కు మూలుగుతూ ఉండేది, ఇవాళో రేపో పోయేలా.

ఆ సాఫ్ట్‌వేర్‌ని కొత్త రూపంలోకి తేవడం, పాత ఫైళ్ళలో ఉన్నదంతా కొత్త డేటాబేస్‌లోకి ఎక్కించడం నా పని. మా ఆఫీసులో మిగతావాళ్ళు ఆ ఊరి పేరు వినగానే పిల్లల చదువులనీ, పెళ్ళాం ఒప్పుకోదనీ తప్పించుకున్నారు. నాకు తప్పించుకోవడానికి సాకు లేదు. అంతకు ముందు ఏడాదే మా అమ్మ పోయింది. నా భార్య అప్పటికే విడాకులు తీసుకుని తన దారిన తాను వెళ్ళింది. ఆమె తప్పేం లేదు లెండి, నాతో వేగడం కష్టమే. ఇంటికెప్పుడొస్తావని అడిగే మనిషి లేనప్పుడు ఎక్కడుంటే ఏం?

ఆసుపత్రి వెనక ఒక గది ఇచ్చారు. మెస్సులో భోజనం. పొద్దుగూకాక కప్పల అరుపులు తప్ప పలకరించే దిక్కు లేదు. కొన్ని ఆదివారాలు పొద్దున్నుంచి సాయంత్రం దాకా నా గొంతు నేనే వినేవాణ్ణి కాదు. టీ కొట్టు దగ్గర "ఒక టీ అండి" అనడానికే వెళ్ళి వచ్చేవాణ్ణి. దిగులుగా ఉండేది. అది ఒప్పుకోవడానికి అప్పుడు పౌరుషం అడ్డొచ్చేది.

పని మాత్రం బాగానే సాగింది. సగం జిల్లా సత్యనారాయణలే కాబట్టి, ఏ సత్యనారాయణ ఎవరో ఊరినీ, తండ్రి పేరునూ బట్టి విడదీసేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. ఆ తర్వాత తగిలింది సువార్తమ్మ.

మన దగ్గర ఆసుపత్రిలో రోగిని చేర్చాలంటే పక్కన ఒక మనిషి ఉండాలి కదా. మందులు తేవాలి, సెలైను సీసా అయిపోతుంటే నర్సును కేకెయ్యాలి, జావ కాచి పట్టాలి. అందుకే ఆ కౌంటర్‌లో పేరూ ఊరూ అయ్యాక అడిగే ప్రశ్న "తోడెవరండి?" అని. ఆ పేరు రాయడానికి తెర మీద ఒక గడి ఉండేది. చాలామంది రోగులకు ఆ గడిలో ఒకటే పేరు. సువార్తమ్మ. రోగికి ఏమవుతారన్న చోట, ఆయా.

కౌంటర్‌లో కూర్చునే ఎస్తేరు గారిని అడిగాను. యాభై దాటిన మనిషి, నెమ్మదస్తురాలు. సువార్తమ్మ వెనకటికి అక్కడ ఆయాగా చేసేదట. ఎవరైనా ఒంటరిగా వస్తే "నా పేరు రాసేయండి" అని, డ్యూటీ దిగాక వెళ్ళి వాళ్ళ మంచం పక్కన కూర్చునేదట. ఆవిడ పోయి చాలా ఏళ్ళయింది. ఈలోగా కంప్యూటరు వచ్చింది. ఆ గడి ఖాళీగా వదిలితే అది ముందుకు పోనివ్వదు. దాంతో దిక్కులేకుండా ఎవరొచ్చినా సువార్తమ్మ పేరు కొట్టేయడం వాళ్ళకు అలవాటైపోయింది.

ఇదెక్కడి చోద్యం! కొత్త డేటాబేస్‌లో ఒక మనిషి ఒక్కసారే ఉండాలి. ఎక్కించి చూస్తే సువార్తమ్మలందరూ కలిసి ఒక్కరయ్యారు. ఆ ఒక్కరి కింద ఆ చుట్టుపక్కల ఊళ్ళ ఒంటరివాళ్ళంతా వరసగా. నేను ఆలోచించలేదు. ఆవిడ పేరు పక్కన చనిపోయినట్టు గుర్తు పెట్టాను. ఆ గుర్తు ఉన్నవాళ్ళను ఇకముందు తోడుగా తీసుకోకూడదని ఒక రూలు రాశాను. ఒంటరిగా వచ్చినవాళ్ళ కోసం విడిగా ఒక చిన్న గడి పెట్టాను, "తోడు లేరు" అని. అందులో టిక్కు పెడితే చాలు.

ఎస్తేరు గారి మొహం చిన్నబోయింది.

"ఆ మాట తెర మీద కనబడితే వాళ్ళ మనసు చివుక్కుమంటుందండి."

"కంప్యూటరుకి అబద్ధం చెప్పకూడదండీ," అన్నాను.

"అబద్ధం ఏంటండీ బాబూ. ఆనవాయితీ," అన్నారావిడ.

కొత్తది మొదలైన వారంలోనే గొడవ వచ్చింది. తలకు తువ్వాలు చుట్టుకుని ఒక ముసలాయన ఆయాసంతో ఒంటరిగా వచ్చి చేరాడు. మర్నాడు చూస్తే ఆయన రికార్డులో తోడు పేరు సువార్తమ్మ. పోయినవాళ్ళను తోడుగా తీసుకోకూడదని నేను రాసిన రూలు ఏమైనట్టు? కౌంటరుకు వెళ్ళి అడిగాను. అలవాటున కొట్టేశాననీ, కంప్యూటరు తీసేసుకుందనీ చెప్పారు ఎస్తేరు గారు.

తీసుకోదు. నేను అక్కడే నిలబడి ఒక ఉత్తుత్తి పేరుతో రోగిని చేర్చి, తోడుగా సువార్తమ్మ అని కొట్టాను. ఎర్ర అక్షరాల్లో వచ్చింది, ఈ పేరు చెల్లదు అని. మళ్ళీ కొట్టాను. మళ్ళీ చెల్లదు.

ఇంకో రోజు, మొగుడితో తగవుపడి, నిండు నెలలతో ఒక్కతే బస్సు దిగి వచ్చిన అమ్మాయికి కూడా అలాగే ఆ పేరు తీసుకుంది. ఈసారి తెర మీద ఉన్న రూలును నమ్మలేదు. లోపల డేటాబేస్‌లోనే ఇంకో రూలు పెట్టాను, పైనుంచి ఏది వచ్చినా లోపల దాచుకోకుండా తిప్పికొట్టేలా. పరీక్షించాను. రెండూ పనిచేశాయి. ఆ వారమే మళ్ళీ మరొకరి రికార్డులో సువార్తమ్మ కనబడింది.

నాకు చిర్రెత్తుకొచ్చింది. నలుగురి ముందూ ఎస్తేరు గారి మీద కేకలేశాను, నా వెనకాల ఎవరిచేతో రూలు తీయిస్తున్నారా అని. ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు.

"బైబిలు మీద ఒట్టేసి చెప్పమంటారా? మీరే కొట్టి చూడండి," అని కీబోర్డు నా వైపు తిప్పారు.

కొట్టాను. చెల్లదు. "చూశారా?" అన్నాను.

"మీరు కొట్టేది ఉత్తుత్తి పేషెంటుకండి," అన్నారావిడ కళ్ళు తుడుచుకుంటూ.

దానికి నేను నవ్వేశాను. ఉత్తుత్తి పేషెంటో నిజం పేషెంటో కంప్యూటరుకేం తెలుస్తుంది! గదికి వెళ్ళి కోడు మొత్తం మొదటి నుంచి చదవడం మొదలుపెట్టాను. తప్పు దొరకలేదు.

వానలు ముదిరాక నాకు జ్వరం పట్టుకుంది. రెండు మాత్రలు మింగి లెక్కచేయలేదు. ఒకరోజు మధ్యాహ్నం భోజనానికని లేచినవాణ్ణి వరండాలో కూలబడ్డాను. టైఫాయిడు అన్నారు డాక్టరు గారు. చేరాల్సిందే.

నన్ను కౌంటరు ముందు కుర్చీలో కూర్చోబెట్టారు. నేను అన్ని కేకలేసినా ఎస్తేరు గారు నా భుజం మీద చెయ్యేసి పడిపోకుండా పట్టుకున్నారు. పేరు కొట్టారు, ఊరు కొట్టారు. తర్వాత అలవాటున ఆ ప్రశ్న వచ్చేసింది.

"తోడెవరండి?"

అని, నాలిక కరుచుకున్నారు. నేను ఆలోచించాను. నిజంగానే ఆలోచించాను, జ్వరంలో కూడా. మా అమ్మ పేరు నోటిదాకా వచ్చింది. ఇంక ఏ పేరూ రాలేదు. ముప్పై ఆరేళ్ళ మనిషికి ఒక్క పేరు లేకపోవడం ఎంత ఘోరమో అప్పుడు తెలిసింది. ఎస్తేరు గారు ఏదో కొట్టబోతుంటే ఆవిడ చెయ్యి పక్కకు తోసి, "తోడు లేరు" అనే గడిలో నేనే టిక్కు పెట్టుకున్నాను.

వార్డులో ఎన్నాళ్ళున్నానో అడిగి తెలుసుకోవాల్సిందే. గుర్తున్నవి మాత్రం స్పష్టంగా గుర్తున్నాయి. అన్నీ పగటివేళవే. కరెంటు పోయి ఫ్యాను ఆగిపోయేది. కిటికీలోంచి వెలుతురు బాగానే ఉండేది. మంచం పక్కన స్టూలు మీద ఒక పెద్దావిడ కూర్చుని తాటాకు విసనకర్రతో విసిరేది. కొబ్బరినూనె, ఫినాయిలు కలిసిన వాసన. చేతులు గరుకుగా ఉండేవి. తల కింద చెయ్యి పెట్టి లేపి, స్టీలు గ్లాసుతో జావ పట్టేది. "ఇంకొక్క గుక్క" అనేది. నేను మొరాయిస్తే ఊరుకునేది కాదు, కసిరేది. ఒకసారి నేను చిన్నపిల్లాడిలా ఏడ్చినట్టున్నాను. "పడుకో నాయనా, నేనున్నానుగా," అంది.

నేను ఎవరని అడగలేదు. ఎస్తేరు గారు పెట్టిన మనిషి అనుకున్నాను.

జ్వరం దిగాక ఎస్తేరు గారు చూడటానికి వచ్చారు. చేతులు పట్టుకుని, అన్ని మాటలన్నా నాకు మనిషిని పెట్టారు, మీ రుణం తీర్చుకోలేనన్నాను. ఆవిడ అయోమయంగా చూశారు.

"నేనెవర్నీ పెట్టలేదండి. వస్తూ పోతూ సిస్టర్లే చూసుకున్నారు. మీ పక్కన స్టూలు ఖాళీగా ఉందని నాకెంత బాధగా ఉండేదో."

జ్వరంలో ఏవేవో కనబడతాయి. నాకూ తెలుసు. అంతటితో సరిపెట్టుకునేవాణ్ణే. అయితే నేను గదికి వెళ్ళిపోతున్న రోజు పక్క మంచం రైతు గారి భార్య నన్ను ఆపింది. కడిగి, పైటచెంగుతో తుడిచిన స్టీలు గ్లాసు ఒకటి నా చేతిలో పెట్టింది.

"మీ అమ్మగారిదండి. మా ఆయనకి మందు కలపడానికి అడిగి తీసుకున్నాను. తిరిగి ఇద్దామంటే మళ్ళీ కనబడలేదు. ఊరెళ్ళిపోయారా?"

మా అమ్మ లేదండీ అనాలి. అనకుండా తల ఊపి గ్లాసు తీసుకున్నాను. తర్వాత మెస్సులో చూపించాను, వార్డులో చూపించాను. మాది కాదన్నారు అందరూ. పేరు కొట్టించని మామూలు గ్లాసు, అంచు దగ్గర చిన్న సొట్ట.

ఆ ఆదివారం అందరూ చర్చికి వెళ్ళారు. కౌంటరు ఖాళీ. ఎండ తలుపు దాకా వచ్చి ఉంది. నేను వెళ్ళి కూర్చుని నా రికార్డు తెరిచాను. ఏం వెతుకుతున్నానో నాకు తెలుసు. ఇన్నాళ్ళూ ఆ పేరు ఎక్కడ కనబడినా నిప్పులు తొక్కినట్టు గంతులేసిన వాణ్ణి, ఆ రోజు నా దాంట్లో కనబడితే బాగుండునని చూశాను.

లేదు. "తోడు లేరు" అన్న గడిలో నేను పెట్టిన టిక్కు అలాగే ఉంది. నేను రాసింది నేను రాసినట్టే పనిచేసింది. మా అమ్మను కాటికి సాగనంపి ఇంటికొచ్చిన రోజు కూడా అంత ఏడవలేదు నేను.

కాసేపటికి మొహం తుడుచుకుని, టిక్కు తీసేశాను. సువార్తమ్మ అని కొట్టాను. చెల్లదని వస్తుందని తెలుసు. ఆ ఎర్ర అక్షరాల కోసం చూస్తూ సేవ్ నొక్కాను.

తీసుకుంది.

అక్కడే కూర్చుని మళ్ళీ అన్నీ పరీక్షించాను. ఉత్తుత్తి పేషెంటుకు సువార్తమ్మ, చెల్లదు. నా రికార్డులోనే పోయినవాళ్ళ పేర్లు వేరేవి కొట్టి చూశాను, చెల్లదు. మా అమ్మ పేరు చేర్చి, పోయినట్టు గుర్తు పెట్టి కొట్టాను. అదీ చెల్లదంది. సువార్తమ్మ పేరు పక్కన చనిపోయిన గుర్తు చెక్కుచెదరకుండా ఉంది. రూళ్ళు రెండూ ఉన్నాయి. మళ్ళీ నా దాంట్లో ఆ పేరు కొట్టాను. మారుమాట లేకుండా తీసుకుంది.

ఎస్తేరు గారికి క్షమాపణ చెప్పి, పని అప్పగించి వచ్చేశాను. ఆ రూళ్ళ జోలికి మళ్ళీ వెళ్ళలేదు. ఆ కోడు కాపీ ఇప్పటికీ నా దగ్గర ఉంది. బుద్ధి పుట్టినప్పుడల్లా పక్కన ఆ గ్లాసులో మంచినీళ్ళు పెట్టుకుని చదువుతుంటాను. దాంట్లో తప్పు లేదు. ఆ పేరును అది ఎలా తీసుకుందో నాకు ఈ రోజుకీ తెలియదు.