మిగతా రెండో పేజీలో

పోయిన ఏడాది ఆత్మకూరు ఆసుపత్రి ఒకదానిలో ఆపరేషన్ ఆగిపోయింది. రోగి రక్తపరీక్షల రిపోర్టు ఉన్న క్లౌడ్ సర్వర్ పలకలేదు. ఉదయగిరిలో మా ఇంటి నుంచే అలాంటి సర్వర్లను కనిపెట్టుకుని ఉండే మా తమ్ముడి కూతురు సుజాతకు ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చింది.

“నా ప్రోగ్రాం తెచ్చిన జాబితాలో వంద సర్వర్లూ బాగుండాయి పెదనాయనా! ఆ ఆసుపత్రి పేరే లేదు.”

నేను పత్రికలో పనిచేసి రిటైరైనవాణ్ణి. “మిగతా రెండో పేజీలో ఉండాదేమో చూడమ్మా.”

“ఇదేమన్నా మీ పేపరా?” అని కసిరింది. అంతలోనే మళ్లీ తెర మీదికి వంగింది. జాబితా పేజీకి వంద పేర్ల చొప్పున వస్తుంది. ప్రోగ్రాం మొదటి పేజీతోనే ఆగిపోతోంది.

రెండో పేజీ తెప్పించగానే ఆసుపత్రి పేరు, సర్వర్ ఆగిపోయిన గుర్తుగా, ఎర్రగా కనిపించింది. పది నిమిషాల్లో సర్వర్ లేచింది, ఆపరేషన్ జరిగింది.

ఆ పేరు ఎన్నాళ్లుగా ఎవరి కంటా పడకుండా ఉందో ఇప్పటికీ తేలలేదు.