యూరియా సంచుల తెరచాప

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. డోన్ స్టేషన్ పార్శిల్ ఆఫీసులో పాతికేళ్ళుగా పనిచేస్తున్నవాణ్ణి. మూట చూస్తే చాలు, దాని బరువెంతో, కట్టినవాళ్ళ తెలివెంతో చెప్పేస్తానని నా ధీమా. అందుకే ఆ శుక్రవారం పొద్దున, సంగమేశ్వరం దగ్గర కృష్ణ ఒడ్డున, హులిగెమ్మ నెత్తి మీంచి దించిన మూట చూసి పకపకా నవ్వాను. ఆ నవ్వు సంగతి ముందే ఒప్పుకోకపోతే ఆమె గురించి చెప్పే అర్హత నాకు లేదు.

కర్నూలు కాలేజీలో తెలుగు చెప్పే నాగలత మేడం రాసేవాళ్ళ కోసం మూడు రోజుల పడవ ప్రయాణం పెట్టింది. శ్రీశైలం జలాశయం వెనక నీళ్ళలో, ఇంజను లేకుండా, తెరచాప మీదే ప్రయాణం. గాలి ఎంత దూరం తీసుకుపోతే అంత. ఫోన్లు ఒడ్డునే పెట్టెయ్యాలి, పగలు రాసుకోవాలి, పొద్దు గూకే వేళకు చదవాలి. మొత్తం ఏడుగురం. జాబితాలో నా పేరు చూశాక మూడు రాత్రులు నిద్ర పట్టలేదు. ఇరవై కథలు రాసినవాణ్ణి మరి! అచ్చయినవి మూడే, అది వేరే సంగతి. కొత్త చొక్కా, కొత్త పెన్ను, రెండు తెల్లకాగితాల కట్టలతో పెళ్ళికొడుకులా దిగాను.

హులిగెమ్మది కోసిగి పక్క పల్లె. నలభై లోపే వయసు. ఐదో తరగతితో బడి ఆగింది, రాయడం మాత్రం ఆగలేదు. కూతురి పాత నోటుపుస్తకాల్లో మిగిలిన పేజీల్లో రాసుకుంటుంది. కాలేజీ పిల్లలతో ఆ ఊరికి క్యాంపుకు పోయిన నాగలత మేడం అవి చదివి, నువ్వు రావాల్సిందేనని పట్టుబట్టి పిలిపించింది. ఆమె మూటలో ఏముందంటారా? జొన్నపిండి, రెండు వంట సట్లు, ఇనుప పొయ్యి, కారప్పొడి, చాప, దబ్బనం, పురికొస. అన్నిటికీ పైన, యూరియా సంచులు విప్పి కుట్టిన ఇంత పెద్ద పట్ట, దాని మధ్యలో ఎర్రచీర ముక్కతో వేసిన అతుకు.

మూడు రోజులకు ఇదంతా ఎందుకమ్మా, కాపురం పెడతావా అని అడిగాను. అందరూ నవ్వారు. ఆమె ముఖం చిన్నబుచ్చుకోలేదు.

"ఊరు దాటి పొయ్యేదంటే నాకు సుగ్గే తెలుసన్నా. సుగ్గికి ఇట్లే కడతాం. ఇంకో తీరుగా కట్టేది రాదు," అంది.

సుగ్గి అంటే వాళ్ళ వైపు పంట పనులకు వలస పోవడం. ఏటా పత్తి అయిపోగానే ఊళ్ళకు ఊళ్ళు తాళాలేసుకుని గుంటూరు వైపు మిరప కోతలకు పోతాయి. నాలుగు నెలలు చేలోనే నివాసం, ఆ పట్టే గుడారం. గురువారంతో వాళ్ళ పత్తి పని అయిపోయింది. సోమవారం తెల్లవారగానే లారీ. నడుమ మిగిలిన మూడు రోజులూ ఆమె ఈ పడవకు ఇచ్చింది. ఏడాదిలో ఆమెవి అనుకోదగిన రోజులు ఆ మూడే.

పడవ నడిపేది దాసన్న. ఆ నీళ్ళలోనే చేపలు పట్టి బతికిన ముసలాయన, మాట పొదుపు. తెరచాప పైకి లాగగానే గాలి దాన్ని పట్టుకుంది. పడవ ఒక్కసారి వంగి ముందుకు కదిలేసరికి అందరం చిన్నపిల్లల్లా కేకలేశాం. ఇంజను చప్పుడు లేదు, పొగ లేదు, పడవ కింద నీళ్ళ సవ్వడి ఒక్కటే. అప్పుడే పెన్ను తీశాను. తీశానంతే. మధ్యాహ్నం దాకా ఒక్క వాక్యం రాలేదు. ఎండ కాగితం మీద పడుతోందని, పక్కాయన దగ్గుతున్నాడని విసుక్కున్నాను. ఆడలేక మద్దెల ఓడన్నట్టు.

ఆ సాయంత్రం హులిగెమ్మ చదివింది. సుగ్గికి పోతూ ఏడేళ్ళ కూతుర్ని హాస్టల్లో వదిలే తల్లి కథ అది. ముందు రోజు పిల్ల తలకు నూనె పెట్టడం, పెట్టెకు తాళం వేస్తూ చెవి పిల్ల మెడలో దారానికి కట్టడం, లారీ మీదికి సామాను ఎక్కించడం. వింటూ వింటూ నేను విసుక్కోవడం కూడా మానేశాను. "లారీ కదిలింది" అని చదివి ఆమె పుస్తకం మూసేసింది.

తర్వాత ఏమైందని నాగలత అడిగింది. తెలీదంది హులిగెమ్మ. ఐదేళ్ళుగా అక్కడే ఆగిందట. ప్రతి ఏడూ ఈ నడుమ రోజుల్లో కూర్చోవడం, లారీ కదిలిన చోట ఆగడం, ఇంతలో నిజం లారీ రావడం. ఈ మూడు రోజుల్లో ముగించకపోతే మళ్ళీ ఏడాది, ఇక అది ఎప్పటికీ ముగియదని ఆమె భయం.

"లారీ కదిలినాంక ఎనక్కి చూడగూడదు మేడం. చూస్తే తిరిగి ఇల్లు చేరలేమంటారు పెద్దోళ్ళు. నేను చూడలే. ఎనక నా బిడ్డ ఏం చేసిందో నాకేం తెలుసు?"

కల్పించి రాయమని నేను సలహా ఇచ్చాను. కథ అంటేనే కల్పన కదా అని, పెద్దరికం కాస్త ఎక్కువే చూపించాను.

"చూసిన మనిషి ఉండాది కదన్నా. నా బిడ్డ చూసింది. ఏం తెలీకుండా అబద్ధం ఎట్ల రాసేది?" అంది. కూతుర్నే అడగొచ్చు కదా అంటే తల దించుకుంది. ఆ మాట అడిగే ధైర్యం ఇన్నేళ్ళలో రాలేదట.

రెండో రోజు పొద్దున మంచి గాలి. ఆ ఊపులో పోతూ పోతూ, నీళ్ళలో మునిగిన చెట్ల మోడుల పక్కగా వెళ్ళాం. ఒక మోడు కొమ్మ తెరచాపలో గుచ్చుకుంది. కర్నూలులో కొత్తగా కుట్టించిన తెరచాప పైనుంచి కింది దాకా పర్రున చిరిగి రెండు ముక్కలైంది. తెడ్లు వేసుకుంటూ దగ్గర్లోని ఒక దిబ్బకు చేరాం. ఫోన్లు లేవు. భోజనం తెచ్చే మరబోటు ఇంకో రేవుకు రావాలి. తెడ్లతో అక్కడికి చేరడానికి ఆదివారం రాత్రవుతుందని దాసన్న లెక్క చెప్పాడు. నాకు కోపం నసాళానికి అంటింది. అందరి మీదా అరిచాను, చివరికి ఆ మోడు మీద కూడా. హులిగెమ్మ మాత్రం దాసన్నను ఒక్కటే అడిగింది, అట్లయితే సోమవారం తెల్లారేసరికి కోసిగి చేరతానా అని. ఆయన తల అడ్డంగా ఊపాడు.

అరగంటలో ఆమె పొయ్యి వెలిగింది. అందరికీ జొన్నరొట్టెలు, కారప్పొడి. నవ్విన నాపచేనే పండిందని నాగలత నా వైపు చూసి మరీ అంది. పడాల్సిందే కదా, పడ్డాను. నాలుగు రొట్టెలు తిన్నాను కూడా.

చేతులు కడుక్కుని హులిగెమ్మ మూటలోంచి పట్ట తీసి ఇసుకలో పరిచింది. చిరిగిన తెరచాప పక్కన పెట్టి జానలతో కొలిచింది. దాసన్న కంగారుపడ్డాడు. నాలుగు నెలలు తలదాచుకునే పట్ట తల్లీ, గాలికి పీలికలైతే ఏం చేస్తావన్నాడు. అతుకులు వేసుకుంటానంది. పదకొండు సుగ్గీల గాలివానకు నిలిచిన పట్ట, ఈ నీళ్ళ గాలి దానికొక లెక్కా అంది. దబ్బనంతో, పురికొసతో అంచుల వెంబడి తాడు కలిపి కుట్టడం మొదలుపెట్టింది. నేను పక్కన కూర్చుని తాడు పట్టుకున్నాను. పార్శిళ్ళు కుట్టడంలో నాకూ అనుభవముంది, కానీ ఆమె వేగం ముందు నేను చంటిపిల్లాణ్ణి.

మూడు గంటలకల్లా పట్ట తెరచాప కొయ్య మీదికెక్కింది. నిలుస్తుందో లేదో ముందు ఒక్కణ్ణే చూసొస్తానని దాసన్న పడవ తీశాడు. మేమంతా ఒడ్డున ఊపిరి బిగబట్టి నిలబడ్డాం. పట్ట రెండుసార్లు టపటపా కొట్టుకుని, గాలి నింపుకుని, బిగిసి నిలబడింది! అందరం ఎగిరి గంతేశాం. నాగలత మేడం చెప్పులు విడిచి నీళ్ళలోకి పరుగెత్తింది. పడవ ముసలాయనతో, ఎర్ర అతుకుతో, తెల్లటి యూరియా సంచులతో నది మధ్యకు సాగిపోయింది.

హులిగెమ్మ గంతేయలేదు. ఒడ్డు వెంబడి మెల్లగా నడక మొదలుపెట్టి, తర్వాత పరుగందుకుంది. దిబ్బ చివరిదాకా ఉరికి ఆగిపోయింది. నేను రొప్పుతూ చేరేసరికి ఆమె కళ్ళ నుంచి నీళ్ళు కారుతున్నాయి. పట్ట చిరుగుతుందని ఏడుస్తోందనుకున్నాను. నా తొందర నాది కదా, పడవ తిప్పవయ్యా అని దాసన్నకు గొంతు చించుకుని అరిచాను.

ఆమె నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"వద్దన్నా, పోనీ. ఇంగా దూరం పోనీ."

పడవ చిన్నదైంది. మనిషి కనపడటం మానేశాడు. ఎర్ర అతుకు మాత్రం చుక్కలా మిగిలింది.

"ఈ పట్టను లారీలో అన్నిటికంటే పైన కడతాం. నా బిడ్డకు ఇట్లే కనపడి ఉంటుంది. నేను పోయినా, ఎర్రముక్క శానా సేపు కనపడి ఉంటుంది," అంది.

అక్కడే ఇసుకలో చతికిలబడి, కొంగులో చుట్టుకున్న నోటుపుస్తకం తీసింది. నా కొత్త పెన్ను ఆమె చేతిలో పెట్టాను. నాకు దాంతో పని లేదని అప్పటికే తేలిపోయింది. పడవ తిరిగొచ్చి, అందరం ఎక్కి, తెరచాప నిండా గాలితో పోతున్నా ఆమె తల ఎత్తలేదు. దాసన్న చుక్కాని పట్టుకుని ఆమె కాగితాల మీదికి నీళ్ళు చిందకుండా పడవను ఎంత జాగ్రత్తగా నడిపాడో!

ఆ సాయంత్రం ఆమె కథ పూర్తిగా చదివింది. లారీ కదిలాక కథ పిల్ల కళ్ళతో నడిచింది. పిల్ల ఊరి నీళ్ళ ట్యాంకు దాకా ఉరుకుతుంది, ఆగి, ఎర్రముక్క కనపడినంతసేపూ దానికి చెయ్యి ఊపుతుంది. నేను వెక్కివెక్కి ఏడ్చాను. సిగ్గెందుకు, అందరూ ఏడ్చారు. ఐదేళ్ళ కథ ముగిసిందన్న సంతోషం పట్టలేక హులిగెమ్మ ఒక్కతే నవ్వుతూ కూర్చుంది.

ఆదివారం మధ్యాహ్నానికే ఆ తెరచాప మమ్మల్ని రేవుకు చేర్చింది. పట్టకు ఒక మూల జానెడు చిరుగు. దాన్ని నేనే కుట్టాను, వంకర టింకరగా. మూట నెత్తినెత్తుకుని కోసిగి దాకా వెంట పోయాను. నవ్విన పాపం మోసి తీర్చుకోవాలి కదా. బస్సులు మారి చేరేసరికి పొద్దుపోయింది.

తెల్లవారుతుండగా లారీ నిండుతోంది. హాస్టలు ముందు రోడ్డు మీద ఆమె కూతురు శివలీల నిలబడి ఉంది. ఏడేళ్ళ పిల్ల ఇప్పుడు తొమ్మిదో తరగతి. తల్లి నోటుపుస్తకం ఇచ్చింది. పిల్ల నిలబడే గబగబా చదివింది. చివరి పేజీ దగ్గర ఆగిపోయింది. హులిగెమ్మ ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"ట్యాంకు కాడ ఆగలేదు మా," అంది పిల్ల. "రైలు గేటు దాకా ఉరికినా."

హులిగెమ్మ నా పెన్ను జాకెట్లోంచి తీసి దాని చేతికిచ్చింది.

"నువ్వే దిద్దు పాపా," అంది.

లారీలో అన్నిటికంటే పైన పట్ట కట్టారు. లారీ కదిలింది. ముందుకు చూడు, ముందుకు చూడవే అని పెద్దవాళ్ళు అరుస్తున్నారు. హులిగెమ్మ లారీ వెనక చెక్క పట్టుకుని, మొత్తం వెనక్కి తిరిగి నిలబడింది. శివలీల నోటుపుస్తకం చంకలో పెట్టుకుని ఉరకడం మొదలుపెట్టింది. ట్యాంకు దాటింది. గేటు దాకా ఉరికింది. ఈసారి తల్లి చూస్తూనే ఉంది.