డాక్టరమ్మ అడిగిన నిశ్శబ్దం

1989 మార్చి 14, మంగళవారం. భద్రాచలంలో మా కాలేజీ హాస్టల్ ముందు ఎప్పుడూ ఆగని చర్ల బస్సు ఈ రోజు పొద్దున్నే ఆగింది. కండక్టర్ దిగి గేటు దగ్గరికి వచ్చి నన్ను పిలిపించాడు. "బిడ్డా, మీ డాక్టరమ్మ తెల్లారకముందే పోయింది. మీ అమ్మ జల్దీ రమ్మన్నది. ఇదే బస్సు మళ్ల పోతది, ఎక్కు" అన్నాడు.

చర్ల దాటి అడవిలో ఉన్న మా గూడెంలో ఆమె ఇన్నేళ్లూ మలేరియాతో కొట్లాడింది. చివరికి అదే జ్వరం తలకెక్కి ఆమెను తీసుకుపోయింది. మీలో చాలామంది ఆమెను చూసి ఉండరు. అందుకే ఈ సాయంత్రం ఆమె దవాఖానా అరుగు మీద కూర్చుని రాస్తున్నాను.

డాక్టరమ్మది ఫ్రాన్సు దేశం. వయసులో ఉండగా యుద్ధంలో సైనికులకు వైద్యం చేసింది. బాంబుల మోతలో, అరుపుల మధ్య, రంపంతో కాళ్లు కోసిన చేతులు ఆమెవి. తన చేతుల్లో పోయిన కుర్రాళ్లలో ఒక్కడికి కూడా ప్రశాంతమైన చావు దొరకలేదని చెప్పేది. ఆ బాధే ఆమెను దివ్యజ్ఞాన సమాజం వాళ్ల పుస్తకాల దగ్గరికి తీసుకొచ్చింది. ఊపిరి ఆగిన తర్వాత మనిషి తన బతుకంతా ఒకసారి చూసుకుంటాడనీ, అంతసేపూ చుట్టుపక్కల చప్పుడు చేయకూడదనీ వాటిలో చదివింది. ఇంకా చదవాలని ఆ సమాజం ఉన్న మద్రాసు వచ్చింది. అక్కడ ఎవరో మా అడవి జ్వరాల గురించి చెబితే, చూసి పోదామని వచ్చి ఇక్కడే ఉండిపోయింది. మాంసం ముట్టేది కాదు. దోమను మాత్రం చంపేది. "దానికి ఇంకో జన్మ ఇస్తున్న" అనేది.

నాన్న పోయాక కల్లూరు నుంచి నన్ను ఎత్తుకుని వచ్చిన మా అమ్మ ఆమె దగ్గర ఆయమ్మగా చేరింది. ఆమెకు తెలుగు నేర్పింది అమ్మే. నొప్పి అన్న ఒక్క మాటతో డాక్టరమ్మ ఊరుకునేది కాదు. పోటా, సలుపా, మంటా, తీపా, గుంజుతున్నదా అని రోగిని అడిగేది. మాటల మీద నాకు ప్రేమ పుట్టింది ఆ ప్రశ్నలు వినే.

గాయాలకు కొదువ లేని చోటు మాది. ఎలుగుబంటి చీరిన ముఖాలు, పోడు తగాదాల్లో గొడ్డలి దిగిన భుజాలు. ఒకసారి తొడలో బాణం దిగిన కానిస్టేబుల్‌నూ, పోలీసు క్యాంపులో దెబ్బలకు పక్కటెముకలు విరిగిన మనిషినీ పక్కపక్క మంచాల మీద పడుకోబెట్టింది. కానిస్టేబుల్ గొణిగితే, "నీ మంచం బయట ఏయిస్త, ఎలుగుబంటి తోడుంటది" అన్నది. ఇద్దరూ ఒకే కుండలో గంజి తాగారు.

నేను ఐదో తరగతిలో ఉండగా, గూడెంలో డోలు కొట్టే మనిషి పెద్దకూతురు జ్వరంతో దవాఖానాలో చనిపోయింది. మా దగ్గర ప్రాణం పోయిన వెంటనే డోలు మోగాలి, ఆడవాళ్లు శోకాలు పెట్టాలి. లేకపోతే పోయిన మనిషికి దారి తెలియదంటారు. డాక్టరమ్మ తన పుస్తకాల ప్రకారం అందరినీ బయటికి పంపి, తలుపు వేసి, పిల్ల పక్కన కళ్లు మూసుకుని కూర్చుంది. తలుపు ముందు అమ్మ నిలబడి, ఏడవవద్దని ఆ పిల్ల తల్లిని ఆపింది. ఎందుకు ఆపుతున్నారో ఇద్దరూ ఎవరికీ చెప్పలేదు. లోపల మంత్రం వేసి పిల్ల ప్రాణాన్ని పట్టుకుంటున్నారని బయటివాళ్లు అనుకున్నారు. ఆ మంత్రం ఎవరిదని మాట వస్తే అందరూ చూసింది మొగుడు లేని, ఊరు కాని మా అమ్మనే.

పళ్లు పీకితే మంత్రం పలకదని మా వైపు నమ్మకం. అమ్మను జుట్టు పట్టి వాకిట్లోకి ఈడ్చారు. ఒకడు ఛాతీ మీద మోకాలు పెట్టాడు. ఇంకొకడు పటకారు తెచ్చాడు. అమ్మ కాళ్లు పట్టుకున్న నన్ను ఎవరో తన్నితే గోడకు కొట్టుకున్నాను. తలుపు తీసుకుని వచ్చిన డాక్టరమ్మ అమ్మ మీద అడ్డంగా పడింది.

"ఆయమ్మకేం తెల్వదు. తలుపు ఏసింది నేను. పీకితే నాయి పీకుండ్రి" అన్నది.

పిల్ల తండ్రి పటకారు కోసం చూడలేదు. చేతికందిన రాయితో ఆమె నోటి మీద కొట్టాడు. ముందు పళ్లు రాలి మట్టిలో పడ్డాయి. ఆమె తెల్లచీర రొమ్ము దాకా ఎర్రబడింది. అప్పుడు అందరూ ఆగారు. ఆమె కొంగుతో నోరు అదుముకుంటూ లేచి, అతని భార్య చంకలో వణుకుతున్న చిన్నపిల్ల నుదుటి మీద చేయి పెట్టింది.

"దీనికి గూడ అదే జరం. కొట్టేదుంటే రేపు కొట్టు. లోపలికి తే."

ఆ పిల్ల బతికింది. ఎస్ఐ వచ్చి అడిగితే, దవాఖానా మెట్ల మీద పడ్డానని డాక్టరమ్మ చెప్పింది. దవాఖానాకు మెట్లు లేవు. ఆ సంగతి ఎస్ఐ కూడా చూశాడు.

తర్వాత ఆమె గూడెం వాళ్లను కూర్చోబెట్టి తన నమ్మకం చెప్పింది. వాళ్లు తమది చెప్పారు. చివరికి ఒక ఒప్పందానికి వచ్చారు. ఎవరు పోయినా, ప్రమిదలో నూనె అయిపోయేదాకా ఆమె నిశ్శబ్దం, ఆ తర్వాత వాళ్ల డోలు. పళ్లు పోయాక ఆమె మాటల్లో ఈల వినపడేది. "అడ్డం పోయింది, ఇగ తెలుగు జల్దీ వస్తది" అని నవ్వేది. తనకు మాత్రం ప్రమిద చాలదనీ, మరుసటి రోజు పొద్దు పొడిచేదాకా చప్పుడు వద్దనీ అమ్మతో చెప్పి ఉంచింది. "నేను చూసుకునేది శానా ఉన్నది" అన్నదట.

ఈ రోజు నేను వచ్చేసరికి వాకిలి నిండా జనం. అమ్మ మూసిన తలుపుకు వీపు ఆనించి నిలబడి ఉంది. అంత పెద్ద మనిషిని దిక్కులేని పీనుగులాగా ఉంచుతారా అని మగవాళ్లు కోపంగా ఉన్నారు. తాగి ఉన్న ఒక కుర్రాడు డోలు మెడకు తగిలించుకుని అమ్మను భుజం పట్టి తోశాడు. "మళ్ల తలుపు ఏసినవా ఆయమ్మా? జరుగు" అన్నాడు. అమ్మ జరగలేదు. వాడు పుల్ల ఎత్తాడు.

దెబ్బ పడింది డోలు మీద కాదు, వాడి మూతి మీద. కొట్టింది ఆనాడు డాక్టరమ్మ పళ్లు రాలగొట్టిన ఆ పిల్ల తండ్రి. వాడి మెడలోంచి డోలు లాక్కున్నాడు.

"ఒద్దురా. ఆమె ఇంకా చూసుకుంటున్నది."

"ఏంది చూసేది?" అన్నాడు కుర్రాడు, పెదవి రక్తం తుడుచుకుంటూ.

"ఆమె బతుకు. నేను కొట్టింది గూడ వస్తది అందుల. నడుమ లేపితే ఆడనే ఆగిపోతదేమో. దాన్ని దాటనియ్."

ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చున్నారు. అతను గడపకు అడ్డంగా కూర్చుని డోలు ఒళ్లో పెట్టుకున్నాడు. గాలికి కూడా మోగకుండా డోలు చర్మం మీద అరచేయి అదిమి పట్టాడు. ఇది రాస్తున్నప్పుడు కూడా అలాగే ఉన్నాడు. రేపు పొద్దు పొడవగానే అమ్మ తలుపు తీస్తుంది. అప్పుడు అతను ఆ చేయి ఎత్తుతాడు.